కృతజ్ఞత వేరు, పూజ వేరు: పీవీ స్మృతికి న్యాయమేది?



2024వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన భారత ప్రభుత్వము పాములపర్తి వేంకట నరసింహారావుగారికి మరణానంతరము భారతరత్న పురస్కారమును ప్రకటించినది. అటుపిమ్మట 24 దినములకు, మార్చి 4వ తేదీన, సర్వోన్నత న్యాయస్థానమునందు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఒక పాత తీర్పును త్రోసివేసినది. 1998లో వెలువడిన ఆ పాత తీర్పు న్యాయవాదుల నోట ఏ పేరున నానుచు వచ్చినదో ఎరిగినవారు కొందరే. దాని పేరు పీవీ నరసింహారావు కేసు. ఒక మాసము తిరుగకమునుపే ఒకే నామమునకు ఒకచోట శిఖరారోహణము, మరియొకచోట శిలోల్లేఖన భంగము జరిగినవి.

మొదటి వార్తకు తెలుగునాట ఉత్సవము జరిగినది. అది ఉచితమే. రెండవ వార్తను ఆ ఉత్సవములలో స్మరించినవారు అరుదు. అది అనుచితము. ఏలయన, ఒక మనుష్యుని స్మృతిని పునర్విమర్శించుట యనగా అతని గుణములను మాత్రము క్రొత్తగా లెక్కించుట కాదు. నిన్నటి వరకు నిందించినవారు నేడు నీరాజనము పట్టినంత మాత్రమున విమర్శ పూర్తికాదు. నింద స్థానమున స్తోత్రము వచ్చి కూర్చున్నది, అంతియే. రెండింటియందును విచారణ లోపించినది. ఆస్తికులైనవారికి, కర్మసిద్ధాంతమును నమ్మినవారికి ఈ లోపము మరింత దూష్యము.

మొదట ఆయన చేసిన మేలును సంకోచము లేక చెప్పవలెను. 1991 జూన్ 21న ఆయన ప్రధానిగా ప్రమాణము చేయునాటికి దేశపు విదేశీ మారకనిధి నూరు కోట్ల డాలర్ల ప్రాంతమున నున్నది. అది రెండు మూడు వారముల దిగుమతులకు మించి చాలదు. జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువను తగ్గించిరి. అదే మాసమున రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు బ్యాంకు వద్ద కుదువపెట్టి ఋణము తెచ్చినది. జూలై 24న, మన్మోహన్ సింగుగారు బడ్జెటు సమర్పించిన దినముననే, 18 రంగములు మినహా పరిశ్రమలకు లైసెన్సుల బంధమును తొలగించిరి. పరిశ్రమల శాఖను ప్రధానియే తన చేతియందుంచుకొనుటచే ఆ నిర్ణయపు భారము సాక్షాత్తు ఆయనదే. పార్లమెంటులో పూర్తి ఆధిక్యము లేని ప్రభుత్వమునకు అది సామాన్య సాహసము కాదు. గ్రామ పంచాయతులకు, పురపాలక సంఘములకు రాజ్యాంగ ప్రతిపత్తి నిచ్చిన 73, 74వ సవరణలు ఆయన కాలమునందే శాసనములైనవి. అంతకు పూర్వము, తాను భూస్వామి కుటుంబమున పెరిగియు, ముఖ్యమంత్రిగా భూపరిమితి చట్టమునకు పూనుకొని 1973 జనవరిలో పదవిని కోల్పోయినవాడు ఆయనయే. విశ్వనాథవారి 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేర హిందీలోనికి తెచ్చిన సారస్వతుడును ఆయనయే.

ఈ గుణములను కాదనువారు మొదటి అపరాధులు. 2004 డిసెంబరు 23న ఆయన దివంగతులైనపుడు, జీవితమంతయు సేవించిన పక్షము యొక్క కేంద్ర కార్యాలయపు ద్వారము ఆయన పార్థివదేహమునకు తెరచుకొనలేదు. శవ వాహనము ఆ ద్వారము వెలుపలనే నిలిచి, అటునుండియే విమానాశ్రయమునకు తరలినది. అంత్యక్రియలు హైదరాబాదులో హుస్సేన్ సాగర తీరమున జరిగినవి. శత్రువు మరణించినను వైరమును మరణముతో ముగింపుమని విభీషణునకు రామచంద్రుడు బోధించిన దేశమిది. రావణునకు దొరికిన మర్యాద ఒక మాజీ ప్రధానికి స్వపక్షమునుండి దొరకలేదు. సకల పాపములకు నిష్కృతి కలదు, కృతఘ్నతకు మాత్రము లేదని పెద్దలందురు. ఆ ద్వారమును మూసినవారు ఈ వాక్యమును తమకు అన్వయించుకొనవలసియున్నది.

అయినను, ఒకరు కృతఘ్నులైనంత మాత్రమున రెండవవారు అంధభక్తులు కానక్కరలేదు. ఇక రెండవ పక్షమును చూడవలెను.

1993 జూలై 28న లోక్ సభలో అవిశ్వాస తీర్మానము 251 ఓట్లకు వ్యతిరేకముగా 265 ఓట్లు వచ్చి వీగిపోయినది. 528 మంది సభ్యుల సభలో అధికార పక్షమునకున్న బలము 251. ఆధిక్యమునకు 14 మంది తక్కువ. ఆ లోటును పూరించుటకు ఝార్ఖండ్ ముక్తి మోర్చా మొదలగు పక్షముల సభ్యులకు ధనము ముట్టినదని అభియోగము. 2000లో విచారణ న్యాయస్థానము నరసింహారావుగారిని దోషిగా నిర్ణయించి మూడేండ్ల శిక్ష విధించెను. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, అప్రూవరుగా మారిన సాక్షి వాక్యము విశ్వసనీయము కాదని, ఆయనను నిర్దోషిగా విడుదల చేసినది. సెయింట్ కిట్స్ కూటపత్రముల కేసునుండి 1997లోనే ఆయన విముక్తులైరి. లఖూభాయి పాఠక్ వంచన కేసు 2003 డిసెంబరులో, ఆయన మరణమునకు ఏడాది ముందు, కొట్టుపడినది. కావున ఆయనను నేరస్థుడని పిలుచు అధికారము ఎవ్వరికిని లేదు. అట్లు పిలుచుట అసత్యము. అసత్యముతో ధర్మమును రక్షింపలేము.

కాని ఇచ్చటనే భక్తబృందము ఒక గంతు వేయుచున్నది. న్యాయస్థానము విడిచినది గనుక అంతయు నిర్మలమని వారి వాదము. ఈ గంతు శాస్త్రసమ్మతము కాదు. న్యాయస్థానము విచారించునది సాక్ష్యము చాలునా చాలదా యను ప్రశ్నను. ధర్మము విచారించునది కర్మ జరిగినదా లేదా, జరిగినచో దాని ఫలమును ఎవరు అనుభవించిరి అను ప్రశ్నను. 1998 తీర్పు చెప్పినదేమి? లంచము పుచ్చుకొని, ఆ ఒప్పందము చొప్పున ఓటు వేసిన సభ్యునకు రాజ్యాంగపు 105వ అధికరణము రక్షణ నిచ్చునట. పుచ్చుకొనియు ఓటు వేయనివానికి మాత్రము ఆ రక్షణ లేదట. అనగా లంచమిచ్చినవానికి మాట నిలుపుకొన్నవాడు సురక్షితుడు, తప్పినవాడు దండ్యుడు! అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తుల మతము వలన నెగ్గిన ఈ విచిత్రము 26 సంవత్సరములు దేశపు ధర్మముగా చెలామణి అయినది. పుచ్చుకొన్నవారు ఈ రక్షణ చాటున విచారణకే నిలువలేదు. ఇచ్చెననబడినవాడు సాక్ష్యము చాలక విడుదలయ్యెను. ఆ పదునాలుగు ఓట్ల లోటు ఎట్లు పూడినదను ప్రశ్న మాత్రము అనాథప్రేతమువలె నేటికిని తిరుగుచున్నది.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన బాధ్యత, శిక్షతో నిమిత్తము లేకయే, ఆ ఓట్ల వలన పీఠమున నిలిచినవారిది. ఆయన పదునేడు భాషల పండితులని చెప్పుకొందురు. ఏ ఒక్క భాషలోనైనను ఆ సమాధానమును సూటిగా చెప్పలేదు.

దీనికి భక్తులు చెప్పు ప్రత్యుత్తరము ఒకటి కలదు. అది బలమైనది గనుక దానిని దాటిపోరాదు. ఆనాడు ప్రభుత్వము కూలినచో సంస్కరణలన్నియు కూలెడివి, దేశము మరల అప్పులపాలయ్యెడిది, కావున ఏది జరిగినను అది ఆపద్ధర్మమే యని వారందురు. మంచిది. ఆపద్ధర్మమునే విచారింతురు గాక. శాంతిపర్వమునందు విశ్వామిత్ర మహర్షి కథ కలదు. పన్నెండేండ్ల అనావృష్టిలో ఆకలికి తాళలేక ఆయన చండాలుని యింట కుక్కమాంసమునకు చేయి చాచెను. ప్రాణము నిలిచిన పిదప ధర్మమును తిరిగి ఆర్జింపవచ్చునని వాదించెను గాని, ఆ మాంసము పవిత్రమని పలుకలేదు. అనంతరము తపస్సుచే ఆ దోషమును దహించుకొనెను. ఆపద్ధర్మమునకు లక్షణములు ఈ కథయందే తెలియుచున్నవి. తాను చేయునది దోషమని ఎరుగవలెను, దానిని దాచరాదు, ఆపద తీరిన వెంటనే ప్రాయశ్చిత్తము చేసికొనవలెను. ఈ మూడును లేనిచో అది ఆపద్ధర్మము కాదు; ఆపదను సాకుగా గొన్న అధర్మము.

ఆ యొరగంటిపై ఒరసి చూచినచో నరసింహారావుగారి రెండు కార్యములు రెండు వన్నెలుగా తేలుచున్నవి. 1991లో బంగారమును కుదువపెట్టుట నిజమైన ఆపద్ధర్మము. ఇంటి ఇల్లాలి మంగళసూత్రమును తాకట్టు పెట్టుట వంటి ఆ పనికి జాతి సిగ్గుపడినది. ప్రభుత్వము పార్లమెంటు ఎదుట దానిని ఒప్పుకొన్నది. తెచ్చిన ఋణమును తీర్చినది. 1993లో తాకట్టుపడినది సభ యొక్క గౌరవము. దానిని ఎవ్వరును ఒప్పుకొనలేదు, ఎవ్వరును విడిపింపలేదు. ఒకే మనుష్యుడు, రెండేండ్ల వ్యవధి, రెండు తాకట్లు. మొదటిదానిని చూపి రెండవదానిని కప్పుట కుదరదు.

కర్మసిద్ధాంతము వర్తకుని చిట్టాపుస్తకము కాదు. పుణ్యము నూరు, పాపము పది, మిగులు తొంబది యని తీసివేతలు చేయుటకు అచ్చట గుమాస్తా లేడు. పుణ్యఫలము పుణ్యఫలముగనే, పాపఫలము పాపఫలముగనే వేర్వేరుగా అనుభోక్తవ్యములు. ధర్మరాజు వృత్తాంతము దీనికి నిదర్శనము. ద్రోణుని విషయమున ఆయన పలికినది పూర్తి అబద్ధము కూడ కాదు. సగము మాటను గొంతులో నొక్కిపెట్టుట మాత్రమే. యుద్ధము గెలుచుటకు అది అవసరమని సాక్షాత్తు శ్రీకృష్ణుడే ప్రేరేపించెను. అయినను భూమికి నాలుగంగుళముల ఎత్తున నడచెడి ఆయన రథము ఆ క్షణముననే నేలకు దిగినది. చిట్టచివర స్వర్గారోహణ సమయమున ఆయనకు నరకదర్శనము తప్పలేదు. ఆజన్మసత్యవ్రతుని సుకృతరాశి అంతయు కలిసి ఆ ఒక్క వ్యాజవచనమును కొట్టివేయలేకపోయినది. ధర్మరాజునకు లేని మినహాయింపు ఆధునిక నాయకునకు ఏ శాస్త్రము ప్రకారము లభించును? వ్యాసమహర్షి ధర్మరాజును ద్వేషించి ఆ ఘట్టమును వ్రాయలేదు. ధర్మరాజు గొప్పవాడు గనుకనే వ్రాసెను. దోషమును చెప్పుట గౌరవభంగము కాదని భారతము చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మౌనమునకు సంబంధించిన దోషములు. ఇవి ధనాభియోగము కంటె గురుతరములు, అయినను తక్కువగా స్మరింపబడునవి.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగిన పిదప ఢిల్లీ నగరమున సిక్కులను వీధులలో వెంటాడి చంపిరి. ప్రభుత్వము వేయించిన గణన ప్రకారమే మృతులు 2,733 మంది. ఆనాడు దేశమునకు హోంమంత్రి నరసింహారావుగారు. ఢిల్లీ పోలీసులు ఏ రాష్ట్ర ప్రభుత్వమునకును లోబడినవారు కారు. వారు కేంద్ర హోంశాఖ అధీనములోనివారు. అధికారమును పైనుండి మరియొకరు హస్తగతము చేసికొనిరని ఆయన పక్షమున చెప్పువారు కలరు. అట్లే యగుగాక. అధికారమును తీసివేసినపుడు పదవిని విడుచుటకు ఆటంకమేమి? ఈ ఒక్క విషయమును ఆయన భక్తులును స్మరింపరు, ద్వేషులును స్మరింపరు. ద్వేషుల మౌనమునకు కారణము స్పష్టమే. స్మరించినచో ఆ పాపమున తమ పక్షపు వాటాను కూడ చెప్పుకొనవలసి వచ్చును.

1992 డిసెంబరు 6న అయోధ్యలో జరిగినది రెండవది. రామాలయమును కోరుట ఆస్తికుల హక్కు. 2019లో సర్వోన్నత న్యాయస్థానము ఆ స్థలమును ఆలయమునకే ఇచ్చినది. కాని అదే తీర్పునందు, 1992 నాటి కూల్చివేత న్యాయపాలనకు ఘోరమైన ఉల్లంఘనమని కూడ స్పష్టముగా వ్రాసినది. ఆస్తికులు తీర్పులోని మొదటి సగమును చదివి రెండవ సగమును మడచిపెట్టుట తగదు. కట్టడమును రక్షింతుమని రాష్ట్ర ప్రభుత్వము న్యాయస్థానమునకు మాట ఇచ్చినది, కేంద్రము ఆ మాటను నమ్మి ఊరకున్నది, మాట తప్పినది. తరువాతి రెండు మాసములలో బొంబాయి నగరమొక్కదానియందే 900 మంది మరణించినట్లు శ్రీకృష్ణ సంఘము లెక్కించినది. వారిలో ఉభయ మతములవారును కలరు. ఆ దినమున ఆయన పూజాగృహమున కూర్చుండిరను ప్రవాదమొకటి ప్రచారములో నున్నది. ఆయన వద్ద నున్న అధికారులు దానిని ఖండించిరి గనుక దానిని ఆధారముగా గొనరాదు. అయితే పూజలో నుండుటయే ఒక ఘనతయైనట్లు ఆ కథను చెప్పుకొను ఆస్తికులకు ఒక మాట చెప్పక తప్పదు. రాజునకు ప్రజారక్షణమే దీక్ష. రక్షించిన రాజునకు ప్రజల పుణ్యములో ఆరవ భాగము, రక్షింపని రాజునకు ప్రజల పాపములో ఆరవ భాగము చెందునని మనుధర్మము. ఆ ఆరవ భాగమును ఏ పూజయు తొలగింపదు.

మౌనము మునులకు భూషణము. పాలకునకు కాదు. ద్రౌపది ప్రశ్నించినపుడు ధర్మము సూక్ష్మమని భీష్మపితామహుడు తప్పుకొనెను. తెలిసియు సమాధానము చెప్పని సభ్యునకు అసత్యదోషములో సగము చెందునని అదే సభలో విదురుడు హెచ్చరించెను. భీష్ముని పాండిత్యము, బ్రహ్మచర్యము, పరాక్రమము ఆ దినమున ఒక స్త్రీ వస్త్రమును కాపాడలేకపోయినవి. నరసింహారావుగారు అయోధ్య గూర్చి గ్రంథము వ్రాసి, తమ మరణానంతరము ప్రకటింప నిర్దేశించిరి. అది 2006లో వెలువడినది. ప్రశ్నించినవారు ఎదుట నుండగా లేని సమాధానము, ప్రశ్నింపబడువాడు పోయిన పిదప వచ్చినది. సమాధానముగా అది చదువదగినదే. ధైర్యముగా లెక్కింపదగినది కాదు.

కాషాయము ధరించినవారికిని ఇందొక పాఠము కలదు. పాఠక్ కేసులో ఆయనతోపాటు నిందితుడుగా నిలిచినవారిలో చంద్రస్వామి యను తాంత్రికుడొకడు. ఉభయులును విడుదలైరి. అయినను ఋషి రాజద్వారమునకు పోవుట హితము చెప్పుటకే గాని, వర్తకుని రాజుతో కలుపుటకు కాదు. అట్టి పని చేసెనను అభియోగము ఒక కాషాయధారిపై వచ్చుటయే కాషాయమునకు మచ్చ. దానిని చూచియు ఊరకున్న ఆస్తికలోకమునకును అందు భాగమున్నది. ప్రధాని కాకమునుపు ఆయన కుర్తాళ పీఠాధిపత్యమును స్వీకరించు యోచనలో నుండిరని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. ఆ త్రోవన పోయియుండినచో ఆయన మౌనము మౌనముగనే శోభించెడిదేమో.

ఇప్పుడు తెలుగువారి వాదము. మనవాడు, దక్షిణాదినుండి ప్రధాని పీఠమెక్కిన మొదటివాడు, ఉత్తరాదివారు అవమానించిరి, కావున దోషములను ఎత్తరాదని వారందురు. 1991 నవంబరులో నంద్యాల ఉపఎన్నికయందు, తెలుగువాడు ప్రధానిగా నిలిచెనని తెలుగుదేశము పోటీ పెట్టలేదు; 5,80,000కు పైబడిన ఆధిక్యముతో ఆయన గెలిచిరి. ఆ మర్యాద తెలుగుజాతికి భూషణము. కాని స్వజనుడని దోషమును చూడకుండుట ధృతరాష్ట్రుని మార్గము. కన్నులు లేక కాదు, పుత్రప్రేమ వలననే ఆయన గ్రుడ్డివాడాయెను.

ఇక్కడనే ఆస్తికులు ఒక భేదమును పాటింపవలసియున్నది. దేవతాపూజ వేరు, పితృశ్రాద్ధము వేరు. పూజ నిర్దోషమైన పరతత్త్వమునకు చెల్లును. శ్రాద్ధము మనుష్యునకు చెల్లును. తండ్రికి తిలోదకము విడుచునపుడు కుమారుడు నామగోత్రములను చెప్పును గాని, తండ్రి దోషరహితుడని ప్రమాణము చేయడు. తండ్రి కోపిష్ఠియైనను, ఋణగ్రస్తుడైనను తిలోదకము ఆగదు. తిలోదకము విడిచినంత మాత్రమున తండ్రి దేవుడును కాడు. ఆయన వలన ఈ దేహము వచ్చినది, ఆ ఋణమును తీర్చుకొందునని కుమారుని భావము. అంతేకాదు, తండ్రి ఆస్తిని పంచుకొన్నవాడు తండ్రి విడిచిన అప్పును కూడ మోయవలెను.

జాతి తన నాయకులకు చేయదగినది ఈ శ్రాద్ధమే. నేడు జరుగుచున్నది పూజ. నాయకుల చిత్రపటములకు పాలాభిషేకములు, విగ్రహములకు హారతులు, జయంతులకు అష్టోత్తరములు నానాట పెరుగుచున్నవి. సాలగ్రామమునకు చేయవలసిన క్షీరాభిషేకము ఫ్లెక్సీ బొమ్మకు జరుగుచుండగా ఆలయములు మౌనముగా చూచుచున్నవి. కొన్నిచోట్ల మంత్రము కూడ అరువిచ్చుచున్నవి. ఇది దేవతాపచారము, ఆ నాయకునకు అపకారము. దేవునిగా చేసిన క్షణమున అతని దోషమును చెప్పరాదు; దోషమును చెప్పనిచో అతని నుండి ఎవ్వరును ఏమియు నేర్వరు.

1991 నాటి సంస్కరణల వలన ఉద్యోగములు పొంది, విదేశములకు పోయి, సౌధములు కట్టుకొన్న తెలుగు కుటుంబములు ఆ ఆస్తిని పంచుకొన్నవి. కావున 1984 నాటి విధవల కన్నీరు, 1992 నాటి మాటతప్పు, 1993 నాటి ఓట్ల ప్రశ్న అను అప్పులు కూడ వారి వాటాకు వచ్చినవే. వాటిని తీర్చు విధానము కష్టమైనది కాదు. ఏటేట జూన్ 28న ఆయన జయంతి వచ్చును. ఆనాడు పిల్లలకు బంగారపు తాకట్టు కథ చెప్పునపుడే ఆ మూడు సంవత్సరముల కథలను కూడ చెప్పవలెను. మేలుకు నమస్కరింపవలెను, కీడును పేరుపెట్టి పిలువవలెను, రెండింటిని కలిపి తూచరాదు.

హుస్సేన్ సాగర తీరమున ఆయన సమాధికి పోవు ఆస్తికులు పుష్పము నుంచుదురు గాక. పాలు పోయకుందురు గాక. పుష్పము కృతజ్ఞతకు చాలును. పాలు దేవునివి.

స్వస్తి.